నాన్న గొంతు పోయిన తరువాత

మా నాన్న కలకత్తా పక్కన సంత్రాగాఛి రైల్వే యార్డులో బోగీలు మరమ్మతు చేసే ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. ఇంజన్ల మోతలో రెండు లైన్ల అవతల ఉన్న మనిషికి వినపడేలా మాట్లాడి మాట్లాడి, మెల్లగా మాట్లాడటమనేది ఆయనకి రాకుండా పోయింది. ఇంట్లో మంచినీళ్ళు అడిగితే మేం కాకీమా అని పిలిచే పక్కింటి బెంగాలీ పిన్ని కూడా కిటికీలోంచి తొంగిచూసేది. మేముండే వీధిలో అందరికీ ఆయన గొంతే గుర్తు.

ఆ గొంతుకి అసలైన పని ఆదివారం ఉండేది. మా తెలుగు సంఘానికి సొంత గుడి లేదు. పొద్దున బెంగాలీ వాళ్ళు ఆరాధన చేసుకున్న చర్చినే మధ్యాహ్నం తరవాత మాకిస్తారు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రైల్వే పనికీ పోర్టు పనికీ వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబాలు కొన్ని, ఈ మధ్య సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకి వచ్చిన పిల్లలు కొందరు. పాట ఎత్తుకునేది నాన్న. ఆయన మొదటి మాట పలికాకే డోలక్ మోగేది. ఇంట్లో కూడా అంతే. పొద్దున లేచాక, అన్నం ముందు, ఎవరైనా ఊరికి బయలుదేరేముందు ప్రార్థన చెప్పేది ఆయనే. అమ్మ పక్కన కళ్ళు మూసుకుని నిలబడి చివర్లో ఆమేన్ అనేది. ఆమె పైకి ప్రార్థన చెయ్యగా నేనెప్పుడూ వినలేదు.

ఒక ఏడు క్రిస్మస్ పాటలకి ఇల్లిల్లూ తిరిగి వచ్చాక నాన్న గొంతు బొంగురుపోయింది. చలికి పట్టేసిందనుకున్నాం. అమ్మ అల్లం, మిరియాలు మరిగించి ఇచ్చింది. చలి పోయింది గానీ గొంతు తిరిగి రాలేదు. మంచి శుక్రవారం నాటికి ఆయన బైబిలు వాక్యం చదువుతుంటే రెండో వరసలో వాళ్ళకి కూడా వినపడలేదు. చదవడం మధ్యలో ఆపి, గ్రంథం పక్క మనిషి చేతికిచ్చి కూర్చున్నాడు. మర్నాడే నేను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. అక్కడి నుంచి పెద్ద ఆసుపత్రికి పంపించారు.

ఆ ఆసుపత్రిలో డాక్టరు మా నాన్నకి కూతురి వయసున్న బెంగాలీ అమ్మాయి. నాన్నని కాకూ, అంటే బాబాయ్ అని పిలిచి, కాగితం మీద మెడ బొమ్మ గీసి చూపించింది. మాట పుట్టే పెట్టె ఇక్కడుంటుంది, క్యాన్సరు దాని రెండు వైపులా పాకింది, ఇక మందుకి లొంగదు, పెట్టె మొత్తం తీసెయ్యాలి అంది. తరవాత మెడ కింద చిన్న రంధ్రం పెడతారట. ఇక బతికినన్నాళ్ళూ ఊపిరి ఆ రంధ్రంలోంచే.

నాన్న అంతా విని, "ఆర్ గాన్?" అని అడిగాడు. మరి పాట, అని. ఆవిడ నా వైపు చూసింది.

సిగరెట్టు ముట్టని మనిషి. చుట్టాల పెళ్ళిళ్ళలో వక్కపొడి కూడా వద్దనేవాడు. ఇంటికొచ్చే లోకల్ రైల్లో ఆయన కిటికీ పక్కన కూర్చుని మెడ మీద చెయ్యి వేసుకుని, ఏదో పోగొట్టుకున్న వాడిలా అక్కడే తడుముకుంటూ ఉన్నాడు.

సంగతి సంఘంలో తెలిసింది. చాలామంది వచ్చారు, ఏడ్చారు, ప్రార్థన చేశారు. ఆ వారంలో బయట ఊరి నుంచి ఒక ప్రసంగీకుడు సభలకి వచ్చి ఉన్నాడు. మా సంఘంలో పెద్దావిడ ఒకరు ఆయన్ని మా ఇంటికి తీసుకొచ్చారు. ఆయన నాన్న మెడ మీద చెయ్యి పెట్టి గట్టిగా ప్రార్థించి, వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగి, "కత్తి పెట్టనిచ్చారంటే మీకు విశ్వాసం చాలనట్టే" అన్నాడు. ఆ ఒక్క మాట ఇంట్లో ఉండిపోయింది. నాన్న ఆసుపత్రికి వెళ్ళడం వాయిదా వేశాడు. రోజూ పొద్దున్నే లేచి ఆ అని గొంతు సవరించుకుని చూసుకునేవాడు. గొంతు రోజురోజుకీ అడుగంటుతోంది.

అమ్మ వాదించలేదు. చివరికి నేనే మా పాస్టరుగారిని పిలుచుకొచ్చాను. ఆయన కాకినాడ వైపు మనిషి, ఎక్కువ మాట్లాడడు. నాన్న ఆయన్ని సూటిగా అడిగాడు.

"అయ్యగారూ, ఆపరేషను సేయించుకుంటే నాను దేవుణ్ణి నమ్మనట్టేనా?"

పాస్టరుగారు తన చేతులు చూసుకున్నాడు.

"మా తమ్ముడికి కడుపులో గడ్డ వచ్చిందండి. వాడూ ఇదే ప్రశ్న అడిగాడు నన్ను. అప్పటికి నేను కొత్తగా సేవలోకి వచ్చినవాణ్ణి. ప్రార్థన చేస్తే చాలన్నాను. వాడు నా మాట నమ్మాడు." అంతటితో ఆగిపోయాడు. తరవాత, "మీరు వెళ్ళి చేరండి. మీతోబాటు ఆసుపత్రికి నేను వస్తాను" అన్నాడు.

చేరే రోజు పొద్దున బట్టల సంచీ సర్దుకున్నాక నాన్న మమ్మల్ని నిలబెట్టి ప్రార్థన చేశాడు. ఆ గొంతు మళ్ళీ వినపడదని నాకు తెలుసు. ఫోను తీసి రికార్డు చెయ్యబోయాను. ఆయన కళ్ళు తెరిచి చూశాడు.

"ఒద్దమ్మా. దాసుకుని ఏటి సేస్తావు. ఇను, అంతే."

విన్నాను. ఏం ప్రార్థించాడో ఇప్పుడు నాకు సరిగా గుర్తు లేదు. అమ్మని, నన్ను, యార్డులో తనతో పనిచేసిన వాళ్ళని, డాక్టరమ్మని తలుచుకున్నాడని మాత్రం గుర్తు. తన గొంతు సంగతి ఎత్తలేదు. ఆమేన్ అన్నాక అమ్మ, "ఒక్క పాట" అంది. ఆయన నోరు తెరిచాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. సంచీ తీసుకుని ముందు నడిచాడు.

ఆపరేషను బాగా జరిగిందన్నారు. మెడ కింద రంధ్రం, దాంట్లో గొట్టం, ముక్కులోంచి కడుపులోకి ఇంకో గొట్టం. దగ్గొస్తే నోటిలోంచి కాక మెడలోంచి వచ్చేది. కళ్ళు తెరిచిన నాన్న పలక కావాలని సైగ చేశాడు. అప్పటిదాకా మాకెవరికీ తట్టని ఒక చిక్కు అక్కడ బయటపడింది. ఆయన మనసులో మాట రాసేది తెలుగులో. అమ్మకి బైబిల్లోని పెద్ద అచ్చు అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చు గానీ చేతిరాత రాదు. నేను బెంగాలీ మీడియంలో చదువుకున్నాను, ఇప్పుడు చిన్నపిల్లలకి అదే భాషలో పాఠాలు చెబుతాను. తెలుగు అక్షరాలు సండే స్కూల్లో నేర్చుకున్నవే, అవీ సగం మరిచిపోయాను. ఆయన నాలుగు మాటలు రాస్తే నేను ఒత్తులూ గుణింతాలూ తడుముకుంటూ చదివేదాన్ని. ఆయన ఓపిగ్గా నా నోటి వైపే చూస్తూ ఉండేవాడు. తప్పు చదివితే తల అడ్డంగా ఊపేవాడు. మొదట నేను పూర్తిగా చదవగలిగిన వాక్యం, 'మీ అమ్మ తిన్నదా?'

ఇంటికొచ్చి, ముక్కులో గొట్టం తీసేసి నోటితో తినొచ్చన్న రోజు అమ్మ అన్నం మెత్తగా చేసి, చారు పోసి పెట్టింది. ముగ్గురం కూర్చుని కళ్ళు మూసుకున్నాం. అలవాటుగా మూసుకున్నాం గానీ ప్రార్థన చెప్పే మనిషికి గొంతు లేదన్న సంగతి ముగ్గురికీ ఒకేసారి గుర్తొచ్చింది. నాన్న మెడలోంచి ఊపిరి పోయి వస్తున్న చప్పుడు ఒక్కటే వినపడుతోంది. అన్నం చల్లారిపోతోంది.

అప్పుడు అమ్మ మొదలుపెట్టింది.

"దేవా... నాకు ఈయనలాగ సెప్పడం రాదు. కూడు ఇచ్చినావు. ఈయన్ని ఇంటికి పంపినావు. అదే సాలు. ఈయన మనసు సెడిపోకుండా సూడు. ఆమేన్."

నాన్న ఆమేన్ అనడానికి పెదవులు కదిపాడు. తరవాత తల వంచుకుని చాలాసేపు చేయి కంచంలో పెట్టలేదు. ఆ రోజు నుంచి మా ఇంట్లో ప్రార్థన అమ్మది.

అమ్మ భయపడినట్టే ఆయన మనసు చెడింది. ఆదివారం వస్తే గోడ వైపు తిరిగి పడుకునేవాడు. వీధిలో పిల్లలు మెడకి కట్టుకున్న గుడ్డ వైపు వింతగా చూస్తున్నారని బయటికి రావడం మానేశాడు. వేడి టీ ఊది చల్లార్చుకుందామన్నా నోట్లోంచి గాలి రాదు. పువ్వు వాసన తెలీదు. ఒకరోజు పలక తీసుకుని ఏదో గబగబా రాసి నా ముందు పడేశాడు. అప్పటికి నాకు చదవడం కాస్త వచ్చింది. 'నిన్ను పొగడడానికి వాడిన దాన్నే ఎందుకు తీసుకున్నావు?' అని ఉంది. అది నన్ను అడిగింది కాదని తెలుస్తూనే ఉంది. అమ్మ పొయ్యి దగ్గర నుంచి, "ఏటి రాసినారు?" అంది. చదవక తప్పలేదు. నా నోటితో ఆ ప్రశ్న అంటుంటే నాకే భయమేసింది.

అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"నాకేటి తెలుసు. ఆయన్నే అడగండి. నోరుంటేనే అడగాలని ఏటుంది? కోపంగా ఉంటే కోపంగానే అడగండి. ఆయనేటి పారిపోతాడా."

మర్నాటి నుంచి నాన్న తెల్లారాక ఒక్కడే ఝీల్ అనే పెద్ద చెరువు వైపు నడక మొదలుపెట్టాడు. చలికాలం అక్కడ దూరదేశపు పక్షులు దిగుతాయి, చూడ్డానికి జనం వస్తారు. ఆయన ఆ జనానికి దూరంగా గట్టు మీద కూర్చుని వచ్చేవాడు. కొన్నాళ్ళు వచ్చినప్పుడు ముఖం ముడుచుకుని ఉండేది. తరవాత్తరవాత వచ్చి కడుపునిండా తినేవాడు. అక్కడేం చేసేవాడో చాలా కాలం తరవాత, మాట వచ్చాక చెప్పాడు. "తిట్టేను. రోజూ తిట్టేను. ఆయన ఏటీ అనకుండా నాతోనే కూకున్నాడు."

ఆ రోజుల్లోనే పాస్టరుగారు వచ్చాడు. ప్రసంగం ఏమీ చెయ్యలేదు. "మీ బెంచీ ఖాళీగా కనబడుతుంటే నాకు వాక్యం చెప్పడం కష్టంగా ఉందండి. వచ్చి ఊరికే కూర్చోండి చాలు" అన్నాడు. నాన్న పై ఆదివారం వచ్చి వెనక వరసలో కూర్చున్నాడు. పాట వేరే కుర్రాడు ఎత్తుకున్నాడు, శ్రుతి కాస్త తప్పింది. నాన్న ముఖం చూడ్డానికి నాకు ధైర్యం చాలలేదు. రెండో చరణంలో డోలక్ వాయించే అబ్బాయి లేచి వచ్చి, ఇత్తడి తాళాలు ఆయన చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. నాన్న వాటిని కాసేపు అలాగే పట్టుకుని, తరవాత మెల్లగా మోగించడం మొదలుపెట్టాడు. అమ్మ ఆడవాళ్ళ వైపు నుంచి అటే చూస్తూ పాడుతోంది. ఇంటికి వెళ్ళేటప్పుడు చూస్తే ఆమె గొంతు బొంగురుపోయింది.

మళ్ళీ మాట నేర్పించిన మనిషి జాత్రా అనే బెంగాలీ నాటకాలాడే ఒక నటుడు. చిత్పూర్‌లోని ఒక కంపెనీలో రాజు వేషాలు వేసి, ఊరూరా వేలమంది ముందు మాట్లాడిన బెంగాలీ పెద్దాయన. ఆయనకీ ఇదే ఆపరేషను ఎప్పుడో అయింది. వారానికోసారి ఆసుపత్రికి వచ్చి, గొంతు పోయిన వాళ్ళకి గాలి మింగి, దాన్ని తేనుపులా పైకి తెచ్చి, ఆ తేనుపుతోనే మాట పలకడం నేర్పిస్తాడు. డాక్టరమ్మ మమ్మల్ని ఆయన దగ్గరికి పంపింది. గరగరలాడే గొంతుతో ఆయన నవ్వుతూ నాన్నకి నమస్కారం పెట్టి, "రాజు వేషం పోయింది దాదా, ఇప్పుడు వేసేది కప్ప వేషం" అన్నాడు. దాదా అంటే వాళ్ళ భాషలో అన్న.

నాన్నకి మొదట సిగ్గు. నలుగురిలో తేనుపు రావడమే తప్పని పెరిగిన మనిషి. గాలి మింగితే కడుపు ఉబ్బేది, మాట వచ్చేది కాదు. పెద్దాయన ప్రతిసారీ "ఆబార్" అనేవాడు. మళ్ళీ, అని. కోప్పడేవాడు కాదు, మెచ్చుకునేవాడు కాదు. "ఆబార్, దాదా." నెలలు గడిచాయి. ఎన్నో సార్లు నాన్న ఇక రానని చెయ్యి ఊపేశాడు. వారం తిరిగేసరికి తనే చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడేవాడు.

పెదవులు మూసి తెరిచే అక్షరాలు, నాలుక తాకించే అక్షరాలు ముందు వస్తాయని పెద్దాయన చెప్పాడు. ప, బ, త, క లాంటివి. ఒక మధ్యాహ్నం అమ్మ వడ్డిస్తోంది. కూర వేయబోతే నాన్న చెయ్యి అడ్డం పెట్టి, గాలి మింగి, "పప్పు" అన్నాడు.

గిన్నె ఈడ్చినట్టుంది ఆ చప్పుడు. కానీ మాట. అమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఏటీ?"

"పప్పు."

ఆమె నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూనే నేల మీద కూలబడి ఏడ్చింది. నాన్న ఆమె తల మీద చెయ్యేసి ఇంకోసారి "పప్పు" అన్నాడు. నేను వెళ్ళి పప్పు వడ్డించాను.

అప్పటి నుంచి రోజుకో మాట. ఆయనకి ఎప్పుడూ యేసయ్యా అని పిలవడం అలవాటు. ఆ మాట ఇప్పుడు గాలిలో జారిపోయేది, పలకడం రాలేదు. ప్రభువా అనడం వచ్చింది. అలా దేవుణ్ణి పిలిచే పిలుపే మారిపోయింది. మొదట బాధపడ్డాడు. తరవాత పలక మీద, 'ఏ పేరుతో పిలిచినా పలుకుతాడు' అని రాసి చూపించాడు.

సంఘంలో నెలకోసారి సాక్ష్యాలు చెప్పుకునే సమయం ఉంటుంది. ఎవరికి ఏ మేలు జరిగిందో లేచి చెబుతారు. ఒక ఆదివారం పాస్టరుగారు ఇంకెవరైనా ఉన్నారా అని అడిగితే వెనక వరసలోంచి నాన్న లేచాడు. మాకు ముందు చెప్పలేదు. నడిచి ముందుకి వెళ్ళి మైకు పట్టుకున్నాడు. తను చెప్పాలనుకున్న దాన్ని నోటికి అందే మాటల్లోకి ఇంట్లో ఎన్నిసార్లు మార్చుకుని ఉంటాడో. ఒక్కో మాటకి ఆగి గాలి మింగుతున్నాడు. ఆ చప్పుడు కూడా మైకులో వినబడుతోంది.

"ప్రభువుకి... వందనాలు. గొంతు... పోయింది. కోపం... వచ్చింది. ప్రభువు... పక్కనే... కూకున్నాడు. తప్పుకోలేదు. పాట... పోలేదు. లోపల... పాడతన్నాను."

అంతే చెప్పి మైకు ఇచ్చేశాడు. అప్పట్లో ఆ ప్రసంగీకుణ్ణి మా ఇంటికి తీసుకొచ్చిన పెద్దావిడ తన చోటు నుంచి లేచి వచ్చి, నాన్న రెండు చేతులూ పట్టుకుని, "తమ్ముడా, నీ విశ్వాసం ముందు నాదెంత" అంది. నాన్న తల అడ్డంగా ఊపి ఆమెని తీసుకెళ్ళి కూర్చోబెట్టాడు.

ఇది జరిగిన కొన్నాళ్ళకి డాక్టరమ్మ ఫోను చేసింది. వార్డులో ఒక తెలుగు మనిషి ఉన్నాడు, వాట్‌గంజ్‌లో ఉంటాడు, పోర్టు డాక్‌లో సరుకు మోసేవాడు. ఆపరేషనుకి ఒప్పుకోవడం లేదు, ఎవరితోనూ మాట్లాడటం లేదు, కాకూ ఒకసారి రాగలరా అంది. నాన్న అప్పటికే చొక్కా మార్చుకుంటున్నాడు. తోడుగా నేను వెళ్ళాను.

ఆ మనిషికి నలభై దాటి ఉంటాయి. గోడకి ఆనుకుని కూర్చున్నాడు. పక్కన భార్య. నాన్న మంచం మీద కూర్చుని, మెడకి కట్టుకున్న గుడ్డ విప్పి ఆ రంధ్రం చూపించాడు. భార్య ముఖం తిప్పుకుంది. అతను మాత్రం చూశాడు.

"ఇలాగైపోయి... బతకాలని మీకెలాగ అనిపించింది?" అని అడిగాడు.

"అనిపించలేదు," అన్నాడు నాన్న. గాలి మింగాడు. "మొదట... అనిపించలేదు."

"మరి?"

"మా ఇంటిది... ప్రార్థన... పట్టుకుంది. బెంగాలీ దాదా... పట్టుకున్నాడు. పాస్టరుగారు... పట్టుకున్నాడు. ప్రభువు... పట్టుకున్నాడు. నాను... తప్పించుకోలేకపోయాను."

అతను ఒక్కసారి నవ్వాడు. ఆ నవ్వు దగ్గులోకి మారింది. దగ్గు ఆగాక, "నాకు పిల్లలతో మాట్లాడాలండి. ఊళ్ళో ఉన్నారు. ఫోన్లో నా గొంతు ఇనకపోతే ఆళ్ళు నన్ను మరిచిపోతారు" అన్నాడు. అసలు భయం అది.

నాన్న నా ఫోను తీసుకుని, "కలుపు" అన్నాడు. అతని భార్య నంబరు చెప్పింది. అవతల ఒక ఆడపిల్ల తీసింది. నాన్న ఫోనులోకి వంగి, తన పేరు, తనెవరో, వాళ్ళ నాన్న పక్కనే ఉన్నాడని ఆగి ఆగి చెప్పాడు. ఆ పిల్ల భయపడలేదు. "తాతా, మీ గొంతుకేటైంది?" అని అడిగింది. నాన్న చెప్పాడు. "మా నాన్నకీ అలాగే వస్తాదా మాట?" అంది. "కష్టపడితే... వస్తాది" అన్నాడు. "అయితే కష్టపడమని సెప్పండి" అంది. మంచం మీద మనిషి రెండు చేతుల్లో ముఖం పెట్టుకున్నాడు. ఆ సాయంత్రమే అతను డాక్టరమ్మతో సరేనన్నాడని తరవాత తెలిసింది.

మేం బయలుదేరబోతుంటే అతని భార్య కొంగు తల మీదికి లాక్కుని నిలబడి, ప్రార్థన చెయ్యండి అంది. వాళ్ళు మా మతం వాళ్ళు కారు. నాన్న ఆవిడ వైపు చూసి కళ్ళు మూసుకున్నాడు. చాలా చిన్న ప్రార్థన. మందుల ట్రే పట్టుకుని వస్తున్న నర్సు అది ముగిసేదాకా గుమ్మం దగ్గరే ఆగింది.

తిరిగి వస్తూ బాబూఘాట్ దగ్గర నది దాటే ఫెర్రీ ఎక్కాం. ఆఫీసుల వాళ్ళతో కిక్కిరిసి ఉంది. ఎవరో లేచి నాన్నకి చోటిచ్చారు. వార్డులో ఆ మనిషికి ఏమవుతుందంటారు అని అడిగాను. ఆయన నోరు తెరిచాడు గానీ ఆ రోజుకి గాలి మింగడానికి ఓపిక అయిపోయింది. చెయ్యి పైకెత్తి చూపించి ఊరుకున్నాడు. హౌరాలో లోకల్ దొరికింది. కూర్చోగానే నా భుజం మీద తల వాల్చి నిద్రపోయాడు. స్టేషను వచ్చాక లేపుతుంటే పక్కనున్న ఆయన, కాకూ చాలా అలిసిపోయినట్టున్నారు, కాస్త మెల్లగా లేపండి అన్నాడు.